గాజు బిళ్లకు బొట్టు

నేను ఒక గాజు బిళ్లను. చిటికెన వేలి గోరంత ఉంటాను. చుక్కలా వచ్చిన లేజర్ కిరణాన్ని సన్నని ఉంగరంలా మార్చి పంపడం నా పని. ఆ ఉంగరం కంటి లోపలి పొరను పరీక్షించే యంత్రానికి కావాలి.

హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో, పసుపు దీపాల గదిలో పుట్టాను. వెలుతురు తగిలితే మారే పూత నాకు పూసి, దాని మీద స్వరూప గీతలు రాసింది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తర్వాత ఫరీద్ నన్ను యంత్రంలో పెట్టి, ఆ గీతల వెంట వాయువుతో గాజును తొలిచాడు. వెంట్రుక కంటే సన్నని గట్లు తేలాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లు తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకునేవాళ్లు. అంత మర్యాద చూసి కొంచెం మిడిసిపడ్డాను.

దసరాకు ముందే నన్ను యంత్రంలో బిగించి బయటి గదిలో పెట్టారు. ఆయుధపూజ నాడు, దుమ్ము కణానికి హడలిపోయే ఆ మనుషులే కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరారు. "ఏదీ విడువద్దు, అన్నిటికీ పెట్టు" అన్నారు నరహరి సారు. శాలకు పెద్ద ఆయనే. స్వరూప ఒక్కో యంత్రానికి బొట్టు పెడుతూ నా దగ్గరికి వచ్చింది.

"అసలు లచ్చిమివి నువ్వే, నీకు పెట్టకుంటె ఎట్ల?" అంటూ తడి కుంకుమ నా నడిమధ్యన అద్దింది. మరుక్షణమే నాలుక కరుచుకుని, చున్నీ కొంగుతో గట్టిగా తుడిచింది. ఎర్రదనం పోయిందని నిమ్మళపడింది. గట్లు గీరుకుపోయిన సంగతి కంటికి ఆనేది కాదు.

పండుగ కాగానే యంత్రం పనితీరు చూడటానికి ఆసుపత్రి నుంచి కంటి డాక్టరమ్మ వచ్చింది. లేజర్ వెలిగించారు. గోడ మీద ఉంగరం రాలేదు, ఒలికిన గంజిలా మరక పడింది. ఆమె మర్యాదగా, "తర్వాత చూద్దాం లెండి" అని వెళ్లిపోయింది.

సారు ఫరీద్ వైపు తిరిగారు. "లోతు సరిగ తొలవలే నువ్వు. నీ కాంట్రాక్టు పొడిగించుమని ఏ మొహం పెట్టుకొని అడగాలె?"

"కొలిచి చూసిన సార్" అన్నాడు ఫరీద్, అంతే.

తను గట్టిగా తుడిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చి స్వరూప నేల చూపులు చూసింది. చెబితే తన పరువు పోతుంది, చెప్పకపోతే అతని కొలువు పోతుంది. చున్నీ కొసను వేలికి చుట్టి చుట్టి వదిలింది.

"సార్, లోతు మంచిగనే ఉన్నది. నేను దానికి బొట్టు పెట్టిన. పెట్టి తుడిచిన."

"గాజుకు బొట్టేంది? ఎవరు పెట్టుమన్నరు?"

"మీరే సార్. ఏదీ విడువద్దంటిరి."

"పూజకు నన్ను పిలిస్తే యంత్రం డబ్బాకు పెట్టుమని చెప్తుంటి" అన్నాడు ఫరీద్. ఫరీద్‌ను అన్న మాటను సారు వెనక్కి తీసుకోలేదు. "ఇంకోటి చేయుండ్రి" అని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నన్ను ఊడదీసి, పసుపు దీపాల గదిలో గాజు పెంకుల డబ్బాలో వేశారు.

"నన్ను తిట్టన్న తిట్టు ఫరీదన్నా" అంది స్వరూప.

"తిట్టుకుంట కూసుంటె గాజెవరు కడుగుతరు? పా, పోదాం."

కొత్త గాజు కడుగుతుండగా తలుపు తెరుచుకుంది. సారు. ఏళ్లుగా ఆ గదిలో అడుగు పెట్టని మనిషి టోపీ, తొడుగులు వేసుకుని వచ్చి, ఫరీద్ పక్కన నిలబడ్డారు. మూతిగుడ్డ వెనక నుంచి, "ఫరీద్, నిన్ను అనరాని మాటంటి..." అని మొదలుపెట్టారు.

"పట్టుకోండి సార్" అని ఫరీద్ గాజు అందించాడు. "అంచు పట్టుకోండి."

సారు కొత్తగా పని నేర్చుకునేవాడిలా రెండు చేతులతో అంచు పట్టుకున్నారు. అంత మనిషిని అలా చూడటానికి నాకే సిగ్గనిపించింది. ఫరీద్ ఆయన కళ్ల వైపు చూడకుండా, కుళాయి కట్టేసే నెపంతో అటు తిరిగాడు.