కింద పడ్డ మాటలు

ఆస్పత్రి వరండాలో చిట్టచివరి గది చెవుల పరీక్షది. అక్కడ పనిచేసే ఆవిడని అందరూ బీప్ మేడమ్ అంటారు. అసలు పేరేమిటని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పొద్దున్నే తాళం తీసి, మిషన్ మీద దుమ్ము దులిపి, అద్దాల గదిలో కుర్చీ సరిచేస్తుంది. పేషంటు లోపల కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి, బీప్ వినిపిస్తే వేలెత్తాలి. వినిపించని బీపులు ఆవాల్లా నేల మీద రాలతాయి. పేషంటు వెళ్ళగానే మేడమ్ వాటిని ఊడ్చేసి చెత్తబుట్టలో పోస్తుంది.

ఇళ్ళలోనూ అంతే కదా. అవతలి మనిషికి చేరని మాట కిందే పడుతుంది. పెడచెవిన పెట్టినా పడుతుంది. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో రోజుకోసారి ఊడిస్తే సరిపోతుంది, కాపురం పాతబడేకొద్దీ చీపురు చేతిలోంచి దిగదు. బీప్ మేడమ్ ఇంట్లో మాత్రం ఆ బెడద లేదు. ఒక్కతే మనిషి, ఎవరితో మాట్లాడుతుంది? పక్కింటావిడ చూసినప్పుడల్లా, అదృష్టవంతురాలివి తల్లీ, నీకు చాకిరీ తప్పింది అంటుంది. మేడమ్ నవ్వి ఊరుకుంటుంది. ఆదివారం వస్తోందంటేనే ఆవిడకి దిగులు.

ఒకరోజు మధ్యాహ్నం ఓ దర్జీ, అతని భార్య వచ్చారు. భార్య చేతిలో బట్టలు కుక్కిన సంచీ ఉంది. దర్జీని చూడగానే మేడమ్‌కి గుర్తొచ్చింది. ఆర్నెల్ల కిందట కుట్టు మిషన్ మీదే తలనొప్పితో ఒరిగిపోయి, నాలుగు రోజులు ఇదే ఆస్పత్రిలో ఉన్నాడు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాటా బాగానే ఉంది. వెనక గిన్నె పడితే ఉలిక్కిపడి చూస్తాడు. భార్య పిలిస్తే మాత్రం తెల్లమొహం వేస్తాడు. అప్పుడు పరీక్ష చేసింది మేడమే. ఒక్క బీప్ కూడా రాలలేదు. చెవులు నిక్షేపంగా ఉన్నాయని కాగితం రాసిచ్చేసింది.

ఆ కాగితం ఇంటికెళ్ళి చెయ్యని గొడవ లేదు. చెవులు బాగుంటే మరి నా మాటెందుకు వినడు అని భార్య కుమిలిపోయింది. ఏమన్నా అంటే, నువ్వు మాట్లాడుతుంటే కంకర పోస్తున్నట్టుంది అంటాడట. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి అలా అంటే ఎవరికి మండదు? రాసి చూపిద్దామా అంటే అతనికి చదువు రాదు, కొలతలు కూడా దారానికి ముడులు వేసి గుర్తుపెట్టుకునే మనిషి.

“ఈసారీ అదే రాస్తే ఇటునుంచి ఇటే మా అన్నయ్య ఇంటికి పోతాను మేడమ్. ఐదింటికి బస్సు,” అంది భార్య.

మేడమ్ వేలెత్తమని సైగ చేసి పరీక్ష మొదలుపెట్టింది. దర్జీ ప్రతి బీప్‌కీ వేలెత్తాడు. నేల శుభ్రంగా ఉంది. మేడమ్ కలం తీసింది కానీ రాయడానికి చెయ్యి ఆడలేదు. పదహారేళ్ళుగా ఈ మిషన్‌తో బీపులే వినిపించింది, ఒక్క మాట వినిపించి ఎరగదు. చెవి గుమ్మం లాంటిది, అంతే. వచ్చిన చప్పుడులోంచి మాటని ఏరి పెట్టే పని లోపలెక్కడో, మెదడులో జరుగుతుంది. చదువుకున్నదే. గుమ్మం దాకా చూసి ఇల్లంతా బాగుందని రాసిచ్చింది తనే. ఆవిడకి సిగ్గేసింది.

“మీరూ లోపలికెళ్ళి ఆయనతో మాట్లాడండమ్మా,” అంది.

“ఏం మాట్లాడను?”

“ఏదుంటే అది.”

భార్య వెళ్ళి అతని హెడ్‌ఫోన్లు తీసి, ఎదురుగా నిలబడింది. మొదలుపెట్టాక ఆగలేదు. నా మొహం చూస్తేనే విసుగైతే చెప్పెయ్యండి, సాయంత్రం బస్సుకి పోతున్నాను, ఇక మీ అన్నం మీరే వండుకోండి అంది. మైకులోంచి మేడమ్‌కి అన్నీ వినిపిస్తున్నాయి. దర్జీ కళ్ళు చిట్లించి ఆమె పెదాలవైపే చూస్తున్నాడు. మాటలన్నీ అతని కాళ్ళ దగ్గర రాలిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు.

ఇంట్లో అయితే కోపంతో భార్య వెంటనే ఊడ్చేసేది. ఇక్కడ చీపురు మేడమ్ దగ్గరుంది. కింద గుడ్డముక్క పడి ఉంటే దర్జీ చూస్తూ ఊరుకోలేడు, చేతి అలవాటు. వంగి ఒక మాట తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బట్ట నాణ్యం చూసినట్టు నలిపాడు.

“బస్సా? ఎవరికి బస్సు?” అన్నాడు.

దర్జీ కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు. ఒక్కొక్కటే తీసి తడిమాడు. విసుగు అన్న మాట దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు. అన్నం దగ్గర చాలాసేపు ఆగాడు.

“ఇంట్లో చెప్పినవి ఏవీ? ఆర్నెల్లు చెప్పావుగా?”

“ఊడ్చి పారేశాను.”

ఆ మాట కూడా కిందే పడింది. అతను తీసుకుని నలిపి, అర్థమయ్యాక గుప్పిట మూశాడు. భార్య చతికిలబడి అతని గుప్పిట విప్పి, అరచేతికి నోరు ఆనించి ఏదో చెప్పబోయింది. అది వినకూడదని మేడమ్ మైకు కట్టేసింది.

వాళ్ళు బయటికొచ్చేసరికి ఐదు దాటింది. సంచీ దర్జీ భుజాన ఉంది. ఆ మొదటి కాగితం రాసింది మీరే కదా అని అడిగింది భార్య.

“నేనే. తప్పు నాదేనమ్మా,” అంది మేడమ్, కొత్త కాగితం చేతికిస్తూ. చెవులు వింటున్నాయి, మాట చేరడం లేదు, చేతిలో పెట్టి చెప్పండి అని రాసింది. మందుల చోట కూడా అదే రాసింది.

భార్య కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. అతని చెయ్యి తన నోటి దగ్గరికి తీసుకుని, నడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. మెట్ల దగ్గర అతను ఒకసారి గట్టిగా నవ్వాడు.

బీప్ మేడమ్ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు. అంత కోపంగా తిట్టడానికైనా తనకొక మనిషి లేడే అనుకుంది. కళ్ళు తుడుచుకుని, బయట బెంచీ మీద ఎదురుచూస్తున్న చివరి పేషంటుని లోపలికి పిలిచింది. పేరు అడగడానికి ముందు, భోజనం చేశారా అని అడిగింది.