నీటికి తొమ్మిది అడుగులు

మా మామగారు తాపాని పోతూ పోతూ సరస్సు ఒడ్డున ఉన్న స్థలాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, ఇద్దరు కూతుళ్ళకీ చెరో ముక్క రాసిచ్చాడు. పెద్దకూతురు సిర్కాతో పాటు పాత చెక్క ఇల్లూ, ఆయన తన చేతుల్తో కట్టిన సౌనా అనే ఆవిరిస్నానాల కొట్టూ నా వాటాకి వచ్చాయి. చిన్నకూతురు ఆర్యాకి ఖాళీ నేల వచ్చింది. పాపం ఖాళీ నేలే కదా అని ముప్ఫై ఏళ్ళు జాలిపడ్డాను. జాలిపడటంలో ఎంత సుఖముందో అది పోయాక గానీ తెలియలేదు.

నిరుడు ఆర్యా మొగుడు రైమో ఆ ఖాళీ నేల మీద ఇల్లు లేపాడు. తోడల్లుడంటే తోడుండే అల్లుడు అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కడుపులో చెయ్యి పెట్టి తోడేసే అల్లుడని అప్పుడర్థమైంది.

ఇల్లా అది! సరస్సు వైపు గోడంతా మూడు పొరల అద్దం. బయట చలికి చెట్లు ఫటఫటా పగులుతుంటే, లోపల ఆర్యా చేతుల్లేని గౌనులో కాఫీ తాగుతూ కనిపిస్తుంది. నేల కింద వేడి గొట్టాలు. వాకిట్లో తడి బూట్లు ఆరడానికి వెచ్చటి అలమర! మా ఇంట్లో బూట్లు పొయ్యి పక్కన ఆరతాయి, ఆరేలోగా వాటి పరిమళం మా దిండ్ల దాకా వస్తుంది. వాడి ఇంటికప్పు వాలు ఎంత లెక్కగా ఉందంటే మంచు దానంతటదే జారి కిందపడుతుంది. నా కప్పు మీద మంచు నేనెక్కి తొయ్యాలి, చాలాసార్లు ఇద్దరం కలిసే కిందపడతాం. వాడి పడవరేవుకి చక్రాలు! సరస్సు గడ్డకట్టే ముందు తోపుడుబండిలా ఒడ్డుకి లాగేసుకుంటాడు. నా రేవుని ఏటా వసంతంలో మంచుపలకలు నమిలి ఉమ్మేస్తాయి.

ఇదంతా ఓర్చుకున్నాను. కానీ ఆ దుర్మార్గుడు సౌనా కూడా కట్టాడు.

మా ఒడ్డున శనివారం అంటే మా సౌనాయే. చుట్టుపక్కల పదిమందీ వచ్చేవారు. ముందు ఆడవాళ్ళ వంతు, తర్వాత మగవాళ్ళది. వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆవిరికి ఒళ్ళు ఎర్రబడేదాకా కూర్చుని, ఒక్క పరుగున పోయి గడ్డకట్టిన సరస్సులో తవ్విన గుంటలో మునిగి, వణుకుతూ వచ్చి సాసేజ్‌లు కాల్చుకునేవాళ్ళం. లోపల పైమెట్టు మీద మూల జాగా నాది. మామగారి తర్వాత అక్కడ ఇంకొకడి వీపు ఆనలేదు.

రైమో సౌనాకి అద్దం గోడ. గుంట గడ్డకట్టకుండా నీళ్ళు తిప్పే మోటారు. అరికాళ్ళకి చలి తగలకుండా గుంట దాకా వేడి తీగల మీద పరిచిన రాతిబాట. పదిమందిలో ముందు ఇద్దరు అటు జారుకున్నారు, తర్వాత ఆరుగురు. నా సౌనాలో ఆవిరి ఉంది, జనమే ఆవిరైపోయారు. చివరికి ఒక శనివారం సిర్కా కూడా తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికి?"

"చెల్లెలి సౌనాకి."

"మనదానికి ఏమైంది?"

"ఏమీ కాలేదు కౌకో. నలభై ఏళ్ళుగా ఏమీ కాలేదు, అదే దాని జబ్బు."

"ఎక్కడైనా ఆవిరి ఆవిరేగా!"

"అక్కడ బెంచీ మీద కూర్చుంటే సూర్యుడు దిగడం కనిపిస్తుంది."

"ఇక్కడ బయటికొస్తే నేను కనిపిస్తాను."

"అదే నేనూ చెప్తున్నది" అని తలుపేసుకుని పోయింది.

ఆ రోజు ఒక్కణ్ణే కూర్చున్నాను. ఒక్కణ్ణే పరిగెత్తి ఒక్కణ్ణే మునిగాను. తలెత్తితే అద్దం వెనక రైమో, చేతిలో కాఫీ కప్పు, నా వైపే చూపు. పెదాలు కదులుతున్నాయి. నన్ను చూసి నవ్వుకుంటున్నాడు! ఆ తర్వాత ప్రతి శనివారమూ ఇదే వరస.

మార్చిలో చూద్దును కదా, సౌనా అడుగు దుంగలు రెండు మెత్తబడ్డాయి. దుంగల్లో కుళ్ళు, గుండెల్లో కుళ్ళు. ఏ కుళ్ళు ముందు పుట్టిందో చెప్పలేను గానీ రెండూ కలిసి ఒకే సలహా ఇచ్చాయి. కూల్చెయ్! వాడి దానికంటే పెద్దది కట్టు, వాడి అద్దం చిన్నబోయే అద్దం పెట్టు!

"మునిసిపాలిటీవాళ్ళని అడిగావా?" అంది సిర్కా, నేను గొడ్డలి తియ్యగానే.

"నా సౌనా, నా గొడ్డలి. మధ్యలో అడిగేదెవణ్ణి?"

"మా నాన్న సౌనా" అని ఒక్క మాటే అని, కిటికీ తెర లాగేసింది. ఆ తెర చప్పుడుకే ఆగాల్సింది. ఆగలేదు.

పదింటికల్లా కప్పు ఊడదీశాను. ఒక దుంగ దించాను. రెండోది దించాను. మూడోదాని కింద గునపం పెట్టి ఎత్తుతుండగా "ఆపూ!" అని అరుపు. రైమో! ఒంటి మీద స్నానపు కోటు, కాళ్ళకి ఇంట్లో తొడిగే చెప్పులు, మోకాటిలోతు మంచులో పడుతూ లేస్తూ వస్తున్నాడు. వేడిబాట మా వైపు లేదుగా!

"కౌకో, దించకు! ఉన్నది ఉన్నట్టు వదిలెయ్!"

"ఏం, నా అద్దం నీ అద్దానికి ఎదురొస్తుందనా?"

"ఎదురెక్కడొస్తుందిరా, వెనక్కి పోతుంది! ఇది పడిందంటే మళ్ళీ ఇక్కడ కట్టనివ్వరు. కొత్తది ఏది కట్టినా నీటికి ఇరవై మీటర్లు ఎడంగా కట్టాల్సిందే."

"నీకెవరు చెప్పారు?"

"మునిసిపాలిటీ చుట్టూ ఆర్నెల్లు తిరిగాను, చెప్పరూ? మా కౌకోకి ఉండగా నాకెందుకు కుదరదని నీ సౌనా ఫొటో కూడా చూపించాను. పాతది నిలబడినన్నాళ్ళూ మరమ్మతు చేసుకోవచ్చు, పడితే మాత్రం వెనక్కే అన్నారు."

గునపం నా చేతిలోంచి జారింది. మామగారి సౌనా! కప్పు లేదు, రెండు దుంగలు తక్కువ, మూడోది సగం ఊడింది. నేను నిలబడ్డ మంచుని నేనే పగలగొట్టుకున్నాను. అయినా ఒక మాట నన్ను గోకుతూనే ఉంది.

"నా సౌనా ఫొటో నీకెందుకురా?"

"నీ తలుపు నుంచి నీళ్ళ దాకా ఎన్ని అడుగులు వేస్తావు?"

"ఎవడు లెక్కపెట్టాడు?"

"నేను లెక్కపెట్టాను. తొమ్మిది! నాది ముప్ఫైనాలుగు. పొగలు కక్కుతూ బయల్దేరతానా, పదిహేనో అడుగుకి ఒంట్లో వేడి పోతుంది, ఇరవయ్యో అడుగుకి ధైర్యం పోతుంది, ముప్ఫయ్యో అడుగుకి అసలెందుకు పుట్టానా అనిపిస్తుంది. బాట కింద తీగలు ముచ్చటపడి వేయించాననుకున్నావా? ప్రతి శనివారం నువ్వు తొమ్మిది లెక్కపెట్టేలోగా బుడుంగుమంటుంటే చూసి చస్తున్నాను!"

నవ్వు కాదన్నమాట. లెక్కన్నమాట!

"ఇంకోసారి చెప్పు" అన్నాను.

"ఏది?"

"చివర్న ఏదో అన్నావే. చస్తున్నానని."

"చస్తున్నానురా, చాలా?"

చాలలేదు గానీ సర్దుకున్నాను. "మరి పొద్దుట్నుంచీ అద్దంలోంచి చూస్తూ ఇప్పుడా రావడం?"

రైమో తన తడి చెప్పులకేసి చూసుకున్నాడు. "కప్పు ఊడదీసినప్పుడు సంతోషించాను. మొదటి దుంగకి ఇంకో కప్పు కాఫీ పోసుకున్నాను. రెండోదానికి యాలకుల రొట్టె కూడా తీసుకున్నాను. మూడోదానికి ఆ రొట్టె గొంతు దిగలేదు. ఇది పోతే ఈ ఒడ్డున తొమ్మిది అడుగులు ఇంకెవడికీ ఉండవు. నాకెలాగూ లేవు. చూసి ఏడవడానికైనా ఒకటి ఉండాలిగా!"

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కలిసి మూడు దుంగల్నీ ఎక్కడివక్కడ కూర్చోబెట్టాం. ఆ తర్వాత గోడని జాకీల మీద లేపి, కుళ్ళిన రెండింటినీ ఒక్కొక్కటిగా మార్చాం. సిర్కా కిటికీ తెర తీసింది. పైగా కొత్త కప్పుకి మేకులు అందిస్తూ, "మా నాన్న కట్టిన వాలు మారిస్తే ఊరుకోను" అని ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఆ తిట్టు ఎంత చల్లగా తగిలిందో!

ఏప్రిల్ మొదటి శనివారం, సరస్సు మీద మంచు ఇంకా మనిషిని మోస్తుండగానే, సౌనా వెలిగించాను. పదిమందీ వచ్చారు. ఆడవాళ్ళ వంతు అయ్యింది. మా వంతుకి నేను కట్టెలు సర్దుకుని లోపలికి వెళ్ళేసరికి పైమెట్టు మీద మూల, మామగారి జాగాలో, నా జాగాలో, రైమో!

లే అందామనుకున్నాను. అంతలో బయట్నుంచి సిర్కా గొంతు: "రైమోకి ఆవిరి సరిపోతోందో లేదో చూడు కౌకో, పాపం చాలా కష్టపడ్డాడు!"

కష్టపడ్డాడట! నేను జాకీ తిప్పలేదూ? పళ్ళు కొరుక్కుంటూ గరిటెడు కాదు, మూడు గరిటెలు పోశాను రాళ్ళ మీద. కదల్లేదు వాడు. నాకే కళ్ళు మండి, చివరికి తలుపు తోసుకుని పరిగెత్తాను. తొమ్మిది అడుగులు, బుడుంగు. నీళ్ళలోంచి తలెత్తేసరికి రైమో కూడా తలుపులోంచి పరుగందుకున్నాడు. ఈసారి లెక్కపెట్టింది నేను.

ఏడు. కాళ్ళు పొడుగు వెధవకి!