మూడో వరుస సిరాబుడ్డి

సినిమావాళ్ళు అద్దెకు తీసుకున్న పాత గోదాములో తరగతి గది సెట్టు సిద్ధమైంది. డెబ్బై ఏళ్ళ కిందటి బడి అది. చనిపోయిన ఆడపిల్ల మళ్ళీ వచ్చి మూడో వరుసలో తన చోట కూర్చునే దయ్యం కథ. ఆ గదిలో సుద్దముక్క దగ్గర్నుంచి గోడగడియారం దాకా సమకూర్చిన మనిషిని అందరూ సామానక్క అంటారు. పదకొండేళ్ళు ఇంకొకరి చేతికింద పనిచేశాక, అన్నీ తానే చూసుకుంటున్న మొదటి సినిమా ఆమెకు ఇదే.

ఈ డైరెక్టరు కిందటి సినిమా కూడా పాత బడిలో దయ్యం కథే. అందులో దయ్యం వెనక గోడమీద తెల్లటి ప్లాస్టిక్ స్విచ్చుబోర్డు కనబడింది. పాపం దయ్యం జుట్టు విరబోసుకుని గొంతు చించుకుంటుంటే, హాల్లో జనం స్విచ్చులు చూసి పడీపడీ నవ్వారు.

"ఈసారి హాల్లో ఒక్కరు నవ్వినా మనిద్దరినీ మళ్ళీ ఎవరూ పిలవరక్కా," అని డైరెక్టరు మొదటిరోజే చెప్పాడు.

అందుకే ఆమె ట్యూబులైట్లు పీకించింది. ఆకుపచ్చ బోర్డుకు నల్లరంగు వేయించి, పైన డెబ్బై ఏళ్ళ కిందటి తారీఖు రాయించింది. తీగ చుట్టల నోటుపుస్తకాలు తీసేసి, దారంతో కుట్టినవి పెట్టింది. మూతబడిన ఒక బడి డెస్కులు పాత సామాన్ల కొట్లో దొరికితే ఎగిరి గంతేసింది. ఒక్కో డెస్కుకీ కుడివైపు పైమూలలో గుండ్రటి బొక్క ఉంది. "ఇన్ని బొక్కల బల్లలు పెడితే నా పరువేం కాను?" అని వడ్రంగి మేస్త్రి చేత అన్నిటికీ చెక్కబిళ్ళలు బిగింపించింది. వేలితో తడిమినా అతుకు తెలియనంత బాగా చేశాడతను.

షాటు పదకొండింటికి. పదింటికి సామానక్క అత్తగారు ఆటో దిగారు.

"కళ్ళజోడు మర్చిపోయావు కదమ్మాయ్, ఇచ్చిపోదామని," అన్నారు. ఇస్తే ఇచ్చారుగానీ పోయే సూచన మాత్రం లేదు. కొత్త చీర కట్టుకుని మరీ వచ్చారు. ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పి ఎప్పుడో రిటైరైన ఎనభైయేళ్ళ మనిషి, బడి సెట్టు అనగానే ఇంట్లో కాలు నిలవలేదు.

"అబ్బబ్బ, అచ్చం మా క్లాసే!" అంటూ చిన్నపిల్లలా వెళ్ళి మూడో వరుసలో ఇరుక్కుని కూర్చున్నారు. కూర్చోగానే ఆవిడ కుడిచెయ్యి దానంతటదే డెస్కు పైమూలకు వెళ్ళింది. అక్కడే తడుముకుంటూ ఆగిపోయింది.

"బుడ్డి ఏదే?"

"ఏం బుడ్డి అత్తయ్యా?"

"సిరాబుడ్డి! ఇక్కడ బొక్క ఉండాలి, అందులో పింగాణీ గిన్నె ఉండాలి. కలం ముంచకుండా దేంతో రాస్తారు?"

సామానక్క వంగి చూసింది. డెస్కుమీద తానే పెట్టిన నీలం బాల్ పెన్ను తననే చూస్తోంది. ఇంకాసేపట్లో అదే గాల్లోకి లేచి తనంతట తాను రాయాలి. అదీ షాటు.

"బాల్ పెన్నా! ఆ రోజుల్లో మా బడిలో అలాంటిది ఎక్కడిది?" అత్తగారు ఉత్సాహంగా సాగించారు. "సోమవారం పొద్దున్నే సిరాబిళ్ళలు నీళ్ళలో కలిపి, క్లాసు లీడరు కూజాతో వరసగా పోసుకుంటూ వచ్చేది. రాని పిల్ల బుడ్డిలో పొయ్యనిచ్చేవాళ్ళు కాదు, ఎండిపోతుందని. ఎవరు రాలేదో బుడ్డి చూస్తే తెలిసేది. నేనొకసారి ముందుదాని జడ ముంచేసి..."

సామానక్క జడ దాకా వినలేదు. చెప్పకపోతే ఇక్కడ ఎవరికీ తెలీదు. కానీ అత్తయ్య కూర్చున్న మరుక్షణమే పట్టేశారే! రేపు హాల్లో ఇలాంటి అత్తయ్యలు ఎంతమంది ఉంటారో! ఆమె నేరుగా కెమెరా దగ్గరికి నడిచింది.

"సార్, డెస్కులు తప్పు. గాల్లో ఎగరాల్సిన పెన్ను కూడా తప్పే. నావల్లే."

డైరెక్టరు ముఖం మాడిపోయింది. "గంటలో షాటు పెట్టుకుని ఇప్పుడా అక్కా చెప్పడం?"

వెనకే వచ్చిన అత్తగారు ఊరుకోలేదు. "అయినా పెన్ను ఎగరడమెందుకు నాయనా, గాలిపటమా? చచ్చిపోయిన పిల్ల చోట బుడ్డి ఖాళీగా ఉంటుంది కదా, ఎవరూ పొయ్యరు కదా. టీచరు అటు వెళ్ళొచ్చేసరికి అది నిండి ఉంటే?"

డైరెక్టరు నోరు తెరిచాడు. ఒక్క గంతులో కుర్చీలోంచి లేచాడు.

"నిండి... పొంగి పొర్లాలి! మేస్త్రీ!"

మేస్త్రి చిన్నబుచ్చుకున్నాడు. "నేను పూడ్చిన బొక్కలు మళ్ళీ నేనే తొలవాలా? నా పనితనం నా చేత్తోనే..."

"కెమెరాకి కనిపించే తొమ్మిదే అన్నా, నీకు పుణ్యముంటుంది," అని సామానక్క సుత్తి చేతికిచ్చింది.

ఇక చూడాలి ఆ హడావిడి. టపటపా బిళ్ళలు రాలిపడ్డాయి. మేకప్ అమ్మాయి రంగులు కలుపుకునే తెల్ల పింగాణీ గిన్నెలన్నీ ఊడ్చుకొచ్చారు. అవి బొక్కల్లోంచి జారిపోతుంటే అంచులకు గుడ్డపేలికలు చుట్టారు. మూడో వరుస గిన్నెకు అడుగున చిల్లి వెయ్యబోతే మొదటిది ఫట్టుమంది. రెండోదానికి మేస్త్రి ఊపిరి బిగబట్టి వేశాడు. దానికి సన్నటి గొట్టం బిగించి, రెండో కొసన సిరా నింపిన పెద్ద సిరంజి తగిలించారు.

"ఒకే టేకు," అన్నాడు డైరెక్టరు. "చెక్క సిరా పీల్చిందంటే ఇక పోదు. ఎవరు నొక్కుతారు?"

సామానక్క కొంగు దోపుకుని డెస్కు కిందికి దూరింది.

అక్కడినుంచి ఆమెకు కనబడేవి టీచరు వేషం కట్టిన నటి పాదాలు మాత్రమే. అవి డెస్కు దాటి వెళ్ళాయి. బోర్డుమీద సుద్ద కిర్రుమంది. ఆమె నొక్కడం మొదలుపెట్టింది. తొందరపడితే చిమ్ముతుంది. ఆలస్యమైతే పాదాలు వచ్చేస్తాయి. పాదాలు తిరిగాయి, దగ్గరయ్యాయి, ఠక్కున ఆగిపోయాయి. ఆమె చివరి చుక్క దాకా నొక్కేసింది. పైన చెక్కమీద ఏదో పాకుతున్న చప్పుడు. అంచునుంచి నల్లగా ఒక ధార దిగి, ఆమె నుదుటిమీద టప్పుమని పడింది.

ఎవరూ నవ్వలేదు. లైట్లు పట్టుకున్న మొరటు మనిషెవరో "అమ్మో" అని గొణిగాడు.

"కట్!"

ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. డైరెక్టరు నేలమీద మోకాళ్ళేసి డెస్కు కిందికి తల పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది. "అక్కా, రేపు హెడ్‌మాస్టరు గది. అందులో ఇంకేం తప్పులున్నాయో?"

"నాకేం తెలుసు సార్," అంది సామానక్క, సిరా కారుతున్న ముఖంతోనే నవ్వుతూ. తర్వాత అక్కడినుంచే గట్టిగా కేకేసింది. "అత్తయ్యా! రేపు తొమ్మిదింటికల్లా నాతో బయల్దేరగలరా?"

"తొమ్మిదేమిటి, ఎనిమిదింటికే రెడీ!" పైనుంచి జవాబొచ్చింది. "ముందు ఇటు రావే, ఆ బోర్డుమీద తారీఖు ఎవరు వేశారు? ఆరోజు ఆదివారం!"