నెమలి కన్నుకు రెండు పోగులు

నేను ఒక వైఫై పెట్టెను. రెండు కొమ్ములు, ఐదు దీపాలు, ఊపిరాడటానికి ఒంటినిండా సన్నటి చీలికలు. పుట్టినప్పటినుంచీ నాకు నిలకడ లేదు. ఎవరు ఏమడిగినా క్షణంలో తెచ్చివ్వాలి, ఇచ్చేలోపే ఇంకొకరు ఇంకేదో అడుగుతారు. నెట్ బాగున్నన్నాళ్ళూ నేనొకదాన్ని ఉన్నానని ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. టీవీలో గుండ్రం తిరగడం మొదలైందా, ఇంటిల్లిపాదీ వచ్చి నన్నే నిలదీస్తారు.

ఏదో ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా కడుపులో పలక బిగించి, మూతవేసి, మొహమైనా చూడకుండా పక్కకు తోసేసింది. మొదట తిరుపతిలో ముగ్గురు అద్దెకున్న గదిలో పడ్డాను. ఉద్యోగపరీక్షలకు చదువుతున్నామని ఇంట్లో చెప్పి సినిమాలు చూసేవారు, పరీక్ష పోయిన ప్రతిసారీ నెట్ సరిగా రాలేదని నా మీదకు తోసేవారు. వాళ్ళు గది ఖాళీ చేశాక నన్ను తుడిచి, కొత్త కవర్లో పెట్టి, వెంకటగిరిలో చీరలు నేసే పెంచలయ్య ఇంటికి పంపారు. కొత్తదాన్నే అనుకుని వాళ్ళు నాకు బొట్టు పెట్టారు. సిగ్గుపడ్డాను గానీ ఊరుకున్నాను.

ఆ ఇంట్లో ముందుగదిలో గుంటమగ్గం, వెనకగదిలో టీవీ. నన్ను మగ్గం పైన గోడకు తగిలించారు. నేతగాళ్ళ ఇంట్లో నూలు నూగు ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుంది. అది నా చీలికల్లో దూరకూడదని పెంచలయ్య ఒక పాత జరీచీర ముక్కను మడతపెట్టి నాకు ముసుగు వేశాడు. మర్యాదే, కాదనను. ఆ ఇంట్లో విలువైనదాన్ని దేన్నీ బట్ట కప్పకుండా ఉంచరు. కానీ జరీ అంటే లోహం. దాన్ని దాటి వెనకగదికి ఒక బొమ్మను చేర్చాలంటే నాకు తలప్రాణం తోకకొచ్చేది. పైగా లోపల ఉక్కపోత. సీరియళ్ళవరకూ ఎలాగో నెట్టుకొచ్చాను.

అసలు గొడవ ఒక చీరతో మొదలైంది. ముప్పయ్యేళ్ళ కిందట పెంచలయ్యకు బహుమతి తెచ్చిన నెమళ్ళ కొంగు చీరను హైదరాబాదులో ఒక ప్రదర్శనలో పెట్టారు. దాన్ని అంగుళం అంగుళం దగ్గరగా తీసిన వీడియోను నెట్లో ఉంచి, దాని పక్కన నేసినవారి పేరు ఏమని రాయాలో శుక్రవారంలోగా చెప్పమని ఆయన కొడుకు దయాకర్‌ను అడిగారు. దయాకర్ తండ్రి పేరు రాయబోతుంటే, రాట్నం ముందు నూలు కండెలు చుడుతున్న తల్లి సుగుణమ్మ తల ఎత్తకుండానే అంది.

"నా పేరు కూడా రాయిరా. ఆ కొంగు సగం నేను నేసిందే."

దయాకర్ నవ్వాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుడతారు, మగ్గం గుంటలో కూర్చునేది మగవాళ్ళు. తనకు బుద్ధి తెలిశాక తల్లి మగ్గమెక్కడం అతను చూసి ఎరగడు.

"నవ్వబాక. మీ నాయన టైఫాయిడ్‌తో నెలరోజులు మంచానబడ్డాడు. నువ్వప్పుడు చంకలో బిడ్డవి. నెమలి కన్నుకు ఆయన ఒక్క పోగేస్తాడు. నాకది కనబడక రెండు పోగులేశా. టీవీలో పెట్టి చూసుకో."

"ఏం నాయనా, నిజమేనా?" అన్నాడు దయాకర్.

పెంచలయ్య మగ్గం మీదకు వంగాడు. "జ్వరంలో ఎవురికి గుర్తుంటాది?" అని పోగు మోసే నాడెను అటూ ఇటూ జోరుగా విసరడం మొదలుపెట్టాడు.

ఫోన్లో చూస్తే నెమలి చీమంత ఉంది. టీవీలో పెడితే తోటకూర పులుసులా కలిసిపోయింది. నేను తక్కువ తెచ్చిస్తే టీవీ ఆ తక్కువతోనే సర్దుకుని బొమ్మను అలికేస్తుంది. పూర్తి స్పష్టతే కావాలని పట్టుబడితే బొమ్మ ఆగి గుండ్రం తిరుగుతుంది. దయాకర్ నన్ను ఆర్పి, పది లెక్కపెట్టి వెలిగించాడు. పాస్‌వర్డ్ మార్చి పక్కింటివాళ్ళను తప్పించాడు. టీవీని అటూ ఇటూ జరిపాడు. వైరు లాగుదామంటే, "పడుగు దారాల మీదగా వైరా?" అని పెంచలయ్య ససేమిరా అన్నాడు. ఇన్ని చేసినవాడు ముసుగు అంచు ఎత్తి నా దీపాలు చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పేసేవాడు. బట్ట తప్పు చేస్తుందని నేతగాడి కొడుకుకు ఎలా తోస్తుంది? నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

మంగళవారం మధ్యాహ్నం పెంచలయ్య ఒక్కడే ఉన్నాడు. నూగు దులపడానికని ముసుగు తీశాడు. వెనకగదిలో ఆపకుండా వదిలేసిన వీడియోలో నెమలి ఒక్కసారిగా తేటపడింది. ఈక ఈకా, పోగు పోగూ. ఆయన గుమ్మందాకా వెళ్ళి, టీవీ దగ్గరికెళ్ళి, చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి ఆ ముసుగును మరో రెండు మడతలు వేసి నామీద కప్పాడు. అప్పటిదాకా ఆయనది తెలియనితనం అనుకున్నాను. నాకు నోరుంటే ఆ క్షణాన వీధి వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

బుధవారం నెట్ మెకానిక్ వచ్చాడు. దయాకర్ పనిలో ఉన్నాడు, సుగుణమ్మ రేషన్‌కు వెళ్ళింది. పెంచలయ్య ముందుగానే ముసుగు తీసి మగ్గం కింద దాచాడు. మెకానిక్ నా పక్కనే నిలబడి ఫోన్లో కొలిచి, "స్పీడు బ్రహ్మాండంగా ఉందండీ, లోపం మీ టీవీలోనే ఉండాలి" అని, వెనకగది వైపు చూడకుండానే బండెక్కాడు. బండి మలుపు తిరిగేలోపే నాకు మళ్ళీ చీకటి. మనుషులు నన్ను బాగుచేయడానికి పడే పాట్లు చాలా చూశాను. చెడగొట్టడానికి ఇంత శ్రద్ధ పెట్టినవాణ్ణి ఈయన్నే చూశాను.

శుక్రవారం పొద్దున దయాకర్ విసిగిపోయి రిమోట్ పక్కన పడేశాడు.

"ఇంక టైము లేదమ్మా. ఒక్క పేరే రాసి పంపిస్తా."

"సరే" అంది సుగుణమ్మ. అంతే. మూడురోజులుగా వెళ్ళి టీవీ ముందు నిలబడుతున్న మనిషి, మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. నాలుగు తిట్లు తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. మగ్గంలో పోగు తెగింది. పెంచలయ్య ముడివేశాడు. రెండుసార్లు నాడె ఆడించాడో లేదో మళ్ళీ తెగింది. మళ్ళీ ముడివేశాడు. మూడోసారి తెగిన పోగును అలాగే వదిలేసి గుంటలోంచి పైకి లేచాడు. తిన్నగా నా దగ్గరికొచ్చి, ముసుగు లాగి, చేతిలోనే పట్టుకున్నాడు.

"ఆగరా. ఇప్పుడు పెట్టు."

దయాకర్ పెట్టాడు. నేను దాచుకున్న ఊపిరంతా ఒక్క పరుగులో వెనకగదికి చేర్చాను. కొంగు గది గోడంత విప్పుకుంది. దయాకర్ మోకాళ్ళమీద కూర్చుని నెమళ్ళ కళ్ళు చూసుకుంటూ పోయాడు. ఒక పోగు. ఒక పోగు. ఒక పోగు. తర్వాత వరుసలో రెండు. ఆ తర్వాతా రెండు. అతను వెనక్కి తిరిగేసరికి తండ్రి పక్కనే ఉన్నాడు. బెరుకుగా చెయ్యి చాచి టీవీ అద్దం మీద వేలు పెట్టాడు.

"ఈడిదాకా నాది. ఈడ్నించి మీ అమ్మది."

సుగుణమ్మ కండె చేత్తోనే గుమ్మంలోకి వచ్చి, కళ్ళు చికిలించి చూసింది.

"ఆడ గాదు. ఇంకా నాలుగు వేళ్ళంత ఎనక్కి. ఆ వరస తోకలు కూడా నావే."

పెంచలయ్య నాలుగు వేళ్ళు అద్దం మీద ఆనించి కొలిచాడు. కొలిచినచోట ఆగలేదు, చెయ్యి ఇంకాస్త వెనక్కి జరిపాడు.

"నాలుగు గాదులే" అన్నాడు ఆమె వైపు చూడలేక. "ఆరు."