మొదటి సంచి

గేటు దగ్గర యంత్రం మీద దేముడమ్మ మళ్ళీ బొటనవేలు నొక్కింది. ఎర్రదీపం. చీరచెంగుకు తుడిచి నొక్కింది. ఎర్రదీపమే. సంచుల మూతులు కుట్టీ కుట్టీ, యూరియాలో నానీ నానీ వేలిగీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. నుదుటిగీత సంగతి సరేసరి.

"నిన్నటిదాకా కార్డు సూపిత్తే లోపలికి ఒగ్గీసీవోడివి కదా, గోపీ."

"అది నిన్నటి కంపెనీ, అత్తా," అన్నాడు సెక్యూరిటీ గోపి. "ఈ మిసను కొత్త కంపెనీది. దానికి నువ్వెవరో తెల్దు. సారు రావాల."

రెండు ఎరువుల కంపెనీలు ఒకటయ్యాయి. పెళ్ళయితే పిల్ల ఇంటిపేరు మారుతుంది. ఇక్కడ పిల్లాడి పేరూ మారింది. కాగితాల మీద విలీనం అన్నారు. సంచులు నింపే షెడ్డులో మాత్రం అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. టీ గ్లాసులు కూడా వేరే. ఎరువు సొమ్ము బరువు చేటంటారు. ఎరువే సొమ్మయిన చోట ఆ బరువు కూలివాళ్ళ నెత్తిమీదే ఉంటుంది.

"లోపల మొదటి సంచి మూతి తెరిసి ఒగ్గాల్రా, బాబూ." దేముడమ్మ మళ్ళీ వేలు తుడుచుకుంది.

గోపికి తెలుసు. సముద్రపు గాలికి గడ్డకట్టిన యూరియా గుట్టను కిందినుంచి తవ్వుతుంటే, అది విరిగి ఆమె మొగుడు దొరబాబు మీద పడింది. పైకి తీసేసరికి నోటినిండా తెలుపే. ఆ మర్నాటినుంచి ఈ షెడ్డులో పొద్దున నింపిన మొదటి సంచి మూతి కుట్టరు. స్తంభానికి చేర్చి తెరిచి ఉంచుతారు. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఆఖరి కుట్టు దానిదే. దొరబాబుకు పొద్దంతా ఊపిరాడాలి కదా. మనుషుల మూతులు మూయించడంలో ఆరితేరిన మేనేజర్లు కూడా ఆ సంచి మూతి జోలికి పోలేదు.

ఆఫీసరు ఉదయ్‌కుమార్ కారు దిగి, పక్కతలుపు తీయించేసరికి షిఫ్టు మొదలైపోయింది. ఆమె పరుగెత్తింది.

స్తంభం దగ్గర ఏమీ లేదు. ఆమె కుట్టుమిషను ముందునుంచి నీలిమ, అవతలి కంపెనీ పిల్ల, నవ్వుతూ లేచింది.

"కూకో పిన్నీ. నువ్వు లేటని నానే కుట్టీసేను. ఒక్కటీ ఒగ్గనేదు."

"మొదటిదో?"

"అదీని. మూతి తెరిసీసి ఉంటే నవ్విపోరేటి?"

"ఏదది?"

నీలిమ వెనక్కి చూసింది. గోడ పొడుగునా సంచులు. అన్నిటిమీదా ఒకటే కొత్త పేరు.

దేముడమ్మ ఒక సంచికి చెవి ఆనించింది. తరవాత పక్కదానికి. ఎక్కడో లోపలినుంచి దగ్గు. దొరబాబు బీడీ దగ్గు. ఏ సంచిలోనో తేలడం లేదు. ఆమె ఒక కుట్టు కొస పట్టి లాగింది; మూతి సరసరా తెరుచుకుంది. ఇంకోటి. ఇంకోటి.

"ఏంటమ్మా ఇది? లారీ వచ్చి నిలబడింది!" ఉదయ్‌కుమార్ అరిచాడు.

"ఉండండి బాబూ. ఆయినకి ఊపిరాడ్డం నేదు."

"ఎవరికి?"

దేముడమ్మ జట్టులోని ముసలి చిట్టమ్మ నీలిమ చెవిలో ఏదో చెప్పింది. నీలిమ గబగబా గోడ అవతలి చివరికి వెళ్ళి, అటునుంచి దారాలు లాగడం మొదలుపెట్టింది.

ఆఖరి మూతి తెరుచుకున్నాక దేముడమ్మ నడుం నిలబెట్టి వింది. దగ్గు ఆగింది.

"రేపట్నుంచి రాకమ్మా," అన్నాడు ఉదయ్‌కుమార్, కళ్ళు కలపకుండా.

"రాన్లెండి, బాబూ." దేముడమ్మ నీలిమ తల నిమిరింది. "మొదటిది ఒగ్గీయే. మరిసిపోకు."

చెమట తుడుచుకుని, ఎండలోకి నడిచి, గాజువాక బస్సెక్కేసింది.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయింది. గోడవారన, లాగేసిన దారమంతా తెల్లటి కుప్పగా మిగిలింది. ఫ్యాన్లు ఆపేశారు, అయినా అది మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంది.