రుక్కమ్మ ఇంటి నంబరు

మూడో చేట చెరిగేసరికి ఎసరు మరిగింది. రుక్కమ్మ చేట గోడకు ఆనించి, కొంగు నడుముకు బిగించి, గుండిగ మూత తీసి ఆవిరి ఎంతుందో మొహంతోనే చూసుకుంది. బడికి వచ్చే సన్నబియ్యంలో రాళ్ళుండవని గవర్నమెంటు నమ్మకం. ఉంటాయని రుక్కమ్మ నమ్మకం. పన్నెండేళ్ళలో ఎక్కువసార్లు రుక్కమ్మే గెలిచింది.

మిర్యాలగూడ శివారులో, ఊరికీ రైసుమిల్లులకీ మధ్య ఉన్న ప్రాథమిక పాఠశాల అది. రెండు గదులు, ఒక వరండా, వెనక రేకుల వంటగది. గాలి ఇటు తిరిగిన రోజు మిల్లుల నుసి వచ్చి గిన్నెల మీద వాలుతుంది. అలాంటి రోజు మూతలు రెండుసార్లు కడగాలి. రుక్కమ్మకు యాభై నాలుగేళ్ళుంటాయి. పొట్టి మనిషి. భుజాలు మాత్రం మగవాళ్ళకుండేటంత వెడల్పు. కుడి ముంజేతి మీద గంజి ఒలికి కాలిన మచ్చ, మణికట్టు దాకా తెల్లగా సాగి ఉంటుంది. పని చేసేటప్పుడు మాట్లాడదు. ఆ బాధ్యత పక్కన కూర తరిగే సరోజన తీసుకుంది.

"రాత్రి టీవీ సూసినవా అక్కా? మన మిల్లు పిల్లల గురించే. బార్డర్ దాటొచ్చినోళ్ళట. దొంగతనంగ వచ్చినోళ్ళ పిల్లలకు మన పైసలతోని సదువెందుకు, బువ్వెందుకు అని ఒకడు. పిల్లలేం పాపం జేసిన్రని ఇంకొకడు. గంటసేపు కొట్లాడిన్రు."

"గుడ్డు సంగతి ఏమన్నరు?" అంది రుక్కమ్మ. ఆ రోజు బుధవారం, గుడ్డు పెట్టే రోజు.

"గుడ్డుకాడికి వచ్చేసరికి యాడ్ వచ్చింది."

ప్రతిరోజూ హాజరు తీశాక, ఎంతమందికి వండాలో విజయ టీచర్ చిట్టీ మీద రాసి పంపుతుంది. ఆ బడికి పెద్దదిక్కు ఆవిడే. ఆ రోజు చిట్టీ రాలేదు, టీచరే వచ్చింది. వంటగది గడప దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, గుండిగతో మాట్లాడుతున్నట్టు అంది.

"రుక్కమ్మా, ఇయ్యాల ముప్ఫై ఎనిమిది మందికే వండు."

"మిల్లు పిల్లలు రాలేదా మేడం?"

"పద్నాలుగు మందీ వచ్చిన్రు. పదకొండు గంటలకు విచారణకు సారొస్తున్నడు. ఆయన కాగితాలు చూసేదాక వాళ్ళను భోజనంల కలపొద్దని పైనుంచి చెప్పిన్రు."

"రాసి పంపిన్రా?"

"లేదు. ఫోన్ల చెప్పిన్రు."

"సరే మేడం," అంది రుక్కమ్మ. టీచర్ వెళ్ళాక బియ్యం డబ్బా చేతిలోకి తీసుకుని, రోజూ పోసినన్నే పోసింది. ఇందులో ధిక్కారమేమీ లేదు. పన్నెండేళ్ళుగా అలవాటైన చెయ్యి. యాభై ఇద్దరికి పోసే చేతిని ముప్ఫై ఎనిమిది దగ్గర ఆపడం ఫోనుతో అయ్యే పని కాదు.

ఆ మిల్లు పిల్లలు ఏ దేశం వాళ్ళో రుక్కమ్మకు తెలియదు. వాళ్ళ అమ్మలు మాల్దా అంటారు. మాల్దా ఎక్కడుందని సరోజనను అడిగితే, "కలకత్తా అవతల," అని చెప్పి, కలకత్తా ఎక్కడుందో అడగకముందే లేచి వెళ్ళిపోయింది. వాళ్ళలో మొయినా అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. సన్నగా పుల్లలా ఉంటుంది, ముందుపళ్ళలో ఒకటి ఊడింది. దానిది ఏ దేశమో తేల్చేవాళ్ళు అది తోటిపిల్లలను తిట్టేటప్పుడు వింటే సరిపోతుంది. అచ్చమైన మిర్యాలగూడ.

రుక్కమ్మది కూడా ఈ ఊరు కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట, తిరుమలగిరి వైపు బోర్లన్నీ ఎండిపోయిన ఏడు, మొగుడు గోపయ్య వెనక ఒక మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. గోపయ్య మిల్లులో హమాలీగా కుదిరాడు. మిల్లు గోడ పక్కన గుడిసె వేశారు. రేషన్ కార్డుకు పోతే ఇంటి నంబరేదన్నారు. గుడిసెకు నంబరుండదు. నంబరు లేక కార్డు రాలేదు, కార్డు లేక బియ్యం రాలేదు. రోజంతా బియ్యం బస్తాలు మోసేవాడు కొట్లో అరువు బియ్యం తెచ్చేవాడు. అలా పదకొండేళ్ళు. చివరికి కాలనీలో ఒంటి అర్ర ఇల్లు దొరికి, మున్సిపాలిటీ మనిషి వచ్చి తలుపు మీద నీలం రేకు కొట్టి వెళ్ళాడు. 4-112/బి. ఆ సాయంత్రం గోపయ్య పావుకిలో మైసూరుపాకు తెచ్చి ఇంటింటికీ పంచాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో జరిగిన తొట్టెల పండుగ అదొక్కటే. ఆ తర్వాత నాలుగేళ్ళకు ఊక దుమ్ము ఊపిరితిత్తుల్లో నిండి గోపయ్య పోయాడు.

అతను మోసిన బస్తాలకు మొదట బిహారీలు వచ్చారు, తర్వాత వీళ్ళు. మనవాళ్ళ పని లాక్కున్నారని సరోజన అంటుంది. లాక్కోవడానికి అదేమంత గొప్ప పనని రుక్కమ్మకు ఎప్పుడూ అనిపించలేదు.

రెండేళ్ళ కిందట విజయ టీచర్ మిల్లు వెనక షెడ్లకు వెళ్ళి మొయినాను బడికి తీసుకొచ్చింది. చేర్చుకుందామంటే కంప్యూటరు ఇంటి నంబరు అడిగింది. టీచర్ ఆ గడి దగ్గరే ఆగిపోయి అరగంట కూర్చుంది. వరండా ఊడుస్తున్న రుక్కమ్మకు ఆ గడి అర్థమైంది. కంప్యూటరులో అర్థమైనది అదొక్కటే. "నాది రాయుండ్రి మేడం. నంబరేమన్న అరుగుతదా?" అంది. కంప్యూటరు ఒప్పుకుంది. తర్వాత వచ్చిన పదమూడు మందినీ అలాగే ఒప్పుకుంది. ఇప్పుడు రిజిస్టరు ప్రకారం, రుక్కమ్మ ఒంటి అర్ర ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలు పెరుగుతున్నారు.

పదకొండున్నరకు విచారణ అధికారి వచ్చాడు. కోదాడ వైపు మనిషి. నెత్తిన జుట్టు తక్కువ, చేతిలో ఫైళ్ళు ఎక్కువ. ఆయన వెనకే నగేష్, సాయిబాబు ఒకే బండి మీద దిగారు. ఇద్దరూ చెరో పార్టీ. మీటింగుల్లో ఒకరినొకరు పేరు పెట్టి తిట్టుకుంటారు. ఒకే వీధిలో ఉంటారు గనుక పెట్రోలు కలిసొస్తుందని బండి ఒకటే తెచ్చుకున్నారు.

"మన పేదపిల్లల ముందటి పళ్ళెం గుంజి పరాయి దేశపోళ్ళకు పెడుతున్రు," అన్నాడు నగేష్, ఫోను కెమెరా తనవైపు తిప్పుకుని.

"పిల్లలను బడి నుంచి ఎల్లగొట్టాలని మా పార్టీ అనదు," అన్నాడు సాయిబాబు. ఆ కెమెరాలో తనూ పడేలా కాస్త జరిగి, "కాకపోతే విచారణ జరగాల్సిందే," అని ముగించాడు.

వరండాలో బాసిపట్లు వేసుకుని కూర్చున్న యాభై ఇద్దరు పిల్లలు వాళ్ళను చూడడం లేదు. వంటగదిలో నుంచి సాంబారు పోపు వాసన వస్తోంది.

అధికారి రిజిస్టరు తిప్పుతూ ఒక చోట ఆగాడు. వేలు కిందికి జరుపుకుంటూ పోయాడు. "ఇదేవిటండీ టీచరుగారూ, అందరిదీ ఒకటే డోర్ నంబరు?"

విజయ టీచర్ నోరు తెరిచేలోపే సరోజన వంటగదిలోకి తొంగి, "అక్కా, నీ ఇంటి నంబరు అడుగుతున్రు," అంది. రుక్కమ్మ గరిటె చేత్తోనే వచ్చింది.

"ఏవమ్మా, ఈ పద్నాలుగు మందీ మీ ఇంట్లోనే ఉంటారా?"

టీచర్ కళ్ళతో ఏదో సైగ చేసింది. అన్నం మాడుతోందని చెబుతోందేమో అనుకుంది రుక్కమ్మ. వాసన పట్టి చూసుకుంది. మాడడం లేదు.

"ఒంటి అర్ర సారూ నాది. నేనొక్కదాన్ని కాళ్ళు సాపితేనే గోడ తగుల్తది."

నగేష్ గట్టిగా నవ్వాడు. "సూడుండ్రి సార్. దొంగ అడ్రసులు. దీని ఎనక పెద్ద ముఠానే ఉన్నది. పెద్దమ్మా, ఎంత ముట్టింది నీకు?"

రుక్కమ్మ మొహంలోకి ఎప్పుడూ రాని ఎరుపు వచ్చింది. గుండిగ దించేటప్పుడు ఇద్దరు మగవాళ్ళ బరువు మోసే మనిషి, ఆ ఒక్క మాట మోయలేకపోయింది.

"నన్ను దొంగనంటవా? షెడ్లకు నంబర్లు లేవు, నాది ఇచ్చిన. వాళ్ళు కూడ దొంగలు కాదు, యాడ దాసుకోలేదు. ఇగో సారూ, పెద్ద మిల్లు ఎనక ఊక కుప్పలున్నయి గదా, వాటి పక్కన ఆఖరి లైను. తొమ్మిది అర్రలు. ఇప్పుడు పోయినా ఆడోళ్ళుంటరు. పోయి సూస్కోండ్రి."

నగేష్ కెమెరా ఆపేసి, ఫోను చెవికి పెట్టుకుని గేటు వైపు నడిచాడు. సాయిబాబు కూడా, ఎందుకైనా మంచిదని, తన ఫోను తీశాడు. విజయ టీచర్ రిజిస్టరు మూసి, దాని అట్ట మీద లేని దుమ్మును చేత్తో తుడుస్తూ కూర్చుంది.

అధికారి చెడ్డవాడు కాదు. "నేను రాసుకెళ్ళేది రాసుకెళ్తానమ్మా. పిల్లల్ని బయటికి పంపించే అధికారం నాకు లేదు," అన్నాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు వంట రుచి చూడాలని నియమం. రెండు ముద్దలు తిని, పుస్తకంలో 'భోజనం రుచికరంగా ఉన్నది' అని రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకు పిల్లలు వరుసకట్టారు. యాభై ఇద్దరూ. టీచర్ గుండిగలోకి చూసింది, రుక్కమ్మను చూసింది. ఏదో మర్చిపోయినట్టు తన గదిలోకి వెళ్ళిపోయింది. మొయినా రెండు చేతులతో పళ్ళెం చాపింది.

"గింతనేనా అవ్వా? నీ చెయ్యి మస్తు పిసినారిదైంది."

రుక్కమ్మ ఇంకో గరిటె వేసింది. గుడ్డు కూడా కొంచెం పెద్దది వెతికి పెట్టింది.

సగం తిన్నారో లేదో, మొయినా తల్లి గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. చెప్పుల్లేవు, చేతికి తడి పిండి అంటుకుని ఉంది. వాళ్ళ భాషలో ఏదో కేకేసింది. పొడవైన మాట కాదు, రెండే రెండు ముక్కలు. పద్నాలుగు మందీ లేచారు. అందులో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేతులు పట్టుకున్నారు. ఈ లేవడం వాళ్ళకు ఇంతకుముందే ఎక్కడో అలవాటైనట్టుంది. ఎవరూ ఏడవలేదు.

మొయినా మాత్రం నల్లా దగ్గర పళ్ళెం కడిగి, గట్టు మీద బోర్లించి, నోట్లో గుడ్డుతోనే అడిగింది. "అవ్వా, రేపు గుడ్డున్నదా?"

"రేపు లేదు. ఎల్లుండి."

"అయితె ఎల్లుండొస్త."

తల్లి దాని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

తినడం అయిపోయాక టీచర్ వంటగదిలోకి వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికి వచ్చింది.

"నేను రెండేండ్ల నుంచి వాళ్ళను నీ నంబరు ఎనకనే దాచిన రుక్కమ్మా. అవును, నా ఇంట్లనే ఉంటరు అని నువ్వంటే, సారు రాసుకొని పోతుండె. షెడ్లెందుకు చూపెట్టినవ్?"

రుక్కమ్మ చేతిలోని గరిటె వంక చూసింది. "నిజమే గద మేడం చెప్పింది," అంది. గరిటె పక్కన పెట్టి, "దాసినట్టు నాకు చెప్పలేదు," అంది.

టీచర్ వెనక్కి తిరిగి గడప దాటి వెళ్ళిపోయింది.

మొయినా తప్ప మిగతా పదమూడు మంది వదిలేసిన అన్నాన్ని స్టీలు బకెట్టులోకి ఎత్తి, మూత పెట్టి, రుక్కమ్మ మిల్లుల వైపు నడిచింది. ఎండ నడినెత్తిన ఉంది. ఏమని చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. మళ్ళీ ఆఫీసుకు పోయి, వాళ్ళు నా ఇంట్లనే ఉంటరు సారూ, ఇందాక మతి తప్పి చెప్పిన అంటే సరిపోతుందేమో. ఇద్దరు పిల్లలనైతే నిజంగానే పడుకోబెట్టుకోవచ్చు. కాళ్ళు ముడుచుకుంటే ముగ్గురిని.

ఊక కుప్పల పక్కన ఆఖరి లైను. తొమ్మిది అర్రల తలుపులూ తెరిచి ఉన్నాయి. ముందు బూడిదలో బండి టైర్ల అచ్చులు, గాలికి ఇంకా చెరగలేదు. మిల్లు వాచ్‌మన్ సోమ్లా గోడ నీడలో నిలబడి ఉన్నాడు.

"పోలీసులొస్తున్నరని ఎవరో మిల్లు సేటుకు ఫోన్ జేసిన్రు. వాళ్ళు వచ్చేలోపట మిల్లుల ఒక్కరు కూడ కనపడొద్దన్నడు. అందరిని డీసీఎం లారీల ఎక్కించిండు."

"ఎటు పోయిన్రు?"

"డ్రైవర్‌కే చెప్పలేదు. ముందుగాల రోడ్డెక్కు అన్నడు."

రుక్కమ్మ మొయినా వాళ్ళ అర్రలోకి వంగి చూసింది. గోడకు కొట్టిన మేకులు ఖాళీగా ఉన్నాయి. మూలన డబ్బాతో చేసిన ఊక పొయ్యి ఇంకా మండుతోంది. దాని మీద సత్తు గిన్నె, మూత ఎగిరెగిరి పడుతోంది. ఆమె బకెట్టు కింద పెట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఒక మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది. ఉడికింది. కొంగుతో గిన్నె దించి, మూత అడ్డంపెట్టి, ఎప్పటిలా గంజి వార్చడానికి గోడ వారగా ఒంచి పెట్టింది. తర్వాత లేచి బయటికి నడిచింది.

ఆ ఒంచిన గిన్నెలోంచి గంజి మూత అంచున ఆగి ఆగి కారుతుంటే, లోపల నలుగురికి సరిపడా అన్నం పొడిపొడిగా అవుతోంది.