మిస్టేక్ అనకు

రవూఫ్‌కు వచ్చిన ఇంగ్లీషంతా పోర్ట్ సయీద్ రేవులో ఓడల వాళ్ళ దగ్గర ఏరుకున్నదే. తోలు సంచులూ, బొమ్మ ఒంటెలూ పడవలో వేసుకుని ఓడల పక్కకు వెళ్ళి అమ్ముతాడు. అతనికి బాగా అక్కరకొచ్చే మాట మిస్టేక్. పడవ వెళ్ళి ఓడకు గుద్దుకున్నా మిస్టేకే, అమ్మిన సంచి కుట్లు ఊడినా మిస్టేకే. గుండె మీద చెయ్యి వేసుకుని ఆ మాటంటే నావికులు నవ్వి ఊరుకునేవారు.

అతని భార్య సమీహా కూడా నవ్వేది. ఫెర్రీలో సూయజ్ కాలువ దాటితే వచ్చే పోర్ట్ ఫువాద్‌లో వాళ్ళ ఇల్లు. అక్కడి బడిలోనే ఆమె ఇంగ్లీషు చెబుతుంది. తెలియక జరిగినదాన్నే మిస్టేక్ అనాలని, తెలిసి చేసినదానికి ఆ మాట చెల్లదని పిల్లలకు విడమరచి చెప్పేది. మొగుడికి మాత్రం చెప్పబోయి నవ్వేసేది.

ఆ నవ్వు పోయి ఏడాది కావస్తోంది. పెళ్ళాం చెప్పుచేతల్లో ఉన్నాడని తోటివాళ్ళు ఎగతాళి చేసిన రోజు, రవూఫ్ తిన్నగా ఇంటికొచ్చి గుమ్మంలోనే తలాక్ అనేసి వెళ్ళిపోయాడు. మూడు నెలల గడువులోగా ఆ మాట వెనక్కి తీసుకోవచ్చు. గడువు పొడుగునా ఆమె ఎదురుచూసింది. అతను రాలేదు. ఇక కలవాలంటే ఆమె ఒప్పుకోవాలి, మళ్ళీ పెళ్ళి జరగాలి.

ఈ శుక్రవారం నమాజు అయ్యాక రవూఫ్ వచ్చాడు. చిక్కిపోయాడు. అతని నలిగిన కాలరు సరిచెయ్యబోయిన తన చేతిని ఆమె ఒళ్ళోనే అదిమిపెట్టుకుంది. రోజూ ఫూల్ గింజల కూర మాడ్చుకుని తింటున్నానని, పిల్లులు కూడా ముట్టడం లేదని చెప్పాడు. చివరికి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“మిస్టేక్ అయిపోయింది, టీచరమ్మా.”

సరేననాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. సరేనంటే రేపో మాపో ఇద్దరూ దీని మీద కూడా నవ్వేసుకుంటారు. మళ్ళీ ఎప్పుడో ఇంకో మిస్టేక్.

“ఆ మాట ఓడల వాళ్ళకి చెప్పుకో. నాకు నిజం చెప్పు. తెలియక నోరు జారావా?”

అతని చెయ్యి కిందికి దిగింది.

“లేదు. ఫెర్రీ ఎక్కిందగ్గర్నుంచీ అనుకుంటూనే వచ్చా. నీ మొహం చూశాక వద్దులే అనిపించింది కూడా. అయినా అనేశా. తర్వాత రావడానికి మొహం చెల్లలేదు.”

ఇన్నాళ్ళూ వినాలని తపించింది ఈ మాటే. విన్నాక మాత్రం పుండు మళ్ళీ రేగినట్టైంది. ఆమె తల తిప్పుకుంది.

“ఎల్లుండి మా అన్నయ్య వస్తాడు. ఇదే ఆయన ముందు చెప్పు.”

“చెబితే ఒప్పుకుంటావా?”

“ముందు చెప్పు, రవూఫ్.”

అతను వెళ్ళిపోయాడు. తలుపు వేసి ఆమె దానికే ఆనుకుని నిలబడింది. ఏడాది ఎలాగో గడిచింది గానీ, ఎల్లుండి మాత్రం ఎప్పటికీ రాదేమో అనిపించింది.